పొయ్యి పక్కన పడుకునే ఆయిలు

మా జామిపుట్టు ఆసుపత్రి జనరేటరుకి చలేస్తుంది. ఈ ఒక్క ముక్క పైవాళ్ల చేత ఒప్పించడానికి నేను రెండు చలికాలాలు తంటాలు పడ్డాను. కాశీకి నడిచి వెళ్లినా ఈపాటికి తిరిగి వచ్చేసి ఉండేవాణ్ణి.

నేనక్కడ జూనియర్ అసిస్టెంటుని. పేరు లెంక గౌరునాయుడు. ఆసుపత్రి అనగానే మీరు పెద్దగా ఊహించుకోకండి. కొండ మీద ఊరు, ఆరు మంచాలు, ఒక కాన్పుల గది. పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచడానికి ఆ గదిలో ఒక వార్మరు ఉంది. అది కరెంటుతో నడుస్తుంది. డిసెంబరు వచ్చిందంటే తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుంటుంది, సరిగ్గా ఆ వేళకే కరెంటు పోతుంది. ఎందుకు పోతుందయ్యా అని లైన్‌మన్‌ని అడిగితే "సలికి బాబూ" అన్నాడు. కరెంటుకి చలేస్తుందంటే అందరూ నమ్మారు. జనరేటరుకి చలేస్తుందంటే మాత్రం రుజువు అడిగారు.

చలికి దాని కడుపులో ఆయిలు గడ్డకట్టినట్టు అయిపోతుంది. తాడు పట్టి లాగితే చెయ్యి ఊడి రావాలే గానీ ఇంజిను కదలదు. దీనికి మా నైట్ వాచ్‌మన్ కిల్లో గాసి నేను రాకముందే ఒక ఉపాయం కనిపెట్టాడు. సాయంత్రం కాగానే ఇంజిను కింద బోల్టు విప్పి, ఆయిలంతా ఒక పాలడబ్బాలోకి దించేస్తాడు. మూత పెట్టి ఇంటికి పట్టుకుపోతాడు. ఇల్లంటే ఆసుపత్రి కంచె అవతలే. అక్కడ పొయ్యి పక్కన, పిల్లి పడుకునే చోట ఆ డబ్బా పెడతాడు. పిల్లి వేరే చోటు చూసుకుంటుంది. కరెంటు పోయిందా, డబ్బా పట్టుకుని కంచె దూకి, వెచ్చటి ఆయిలు ఇంజిన్లో పోసి, రెండు లాగులు లాగుతాడు. అంతే, గుడగుడమని లేస్తుంది.

నేను కొత్తగా వచ్చినప్పుడు ఇదంతా చూసి, "ఇదేం పనయ్యా గాసీ?" అన్నాను.

"నూనికి సలేత్తాది బాబూ, మనిసినాగే. పొయ్యికాడ పడుకోబెడితే పొద్దున్న లెగుత్తాది. సిన్నపిల్లలున్నారు కదా లోపల" అన్నాడు.

ఉపాయం బాగానే ఉంది. కానీ గాసికి యాభై దాటాయి. ఏదో ఒక రోజు అతనికి జ్వరం వస్తే? ఊరెళితే? కింద టౌన్లో ఇంజిన్లు బాగుచేసే మెకానిక్‌ని అడిగితే అతను పగలబడి నవ్వాడు. "ఆయిలుని జోకొట్టి పడుకోబెడతన్నారేటండీ! సింథటిక్ ఆయిలు పోసీయండి. ఎంత సలైనా పల్చగానే ఉంటాది. ఒక్క లాగుకి లెగుస్తాది. ఒక్క లీటరు చాలు. ఇమ్మంటారా?"

నా చెయ్యి జేబు దాకా వెళ్లింది. వెళ్లి, వెనక్కి వచ్చేసింది. ఎందుకంటే నా ముందు పనిచేసినాయన కాన్పుల గదిలో బల్బు మాడిపోతే సొంత డబ్బుతో ఒకటి కొని పెట్టాడు. శాఖ ఆమోదం లేని బల్బు ప్రభుత్వ భవనంలో వెలిగిందని ఆయన మీద విచారణ వేశారు. ఆయన రిటైరయ్యాడు, బల్బు కూడా రిటైరయింది, విచారణ మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. అందుకని నేను బుద్ధిమంతుడిలా కాగితం పెట్టాను. ఒక లీటరు సింథటిక్ ఆయిలు మంజూరు చేయగలరు అని.

నాలుగు నెలలకి జవాబొచ్చింది. అప్పటికి ఎండాకాలం.

"సదరు జనరేటరు శీతల కారణముగా ప్రారంభము కావడము లేదని మీరు తెలియజేసియున్నారు. అయితే లాగ్ బుక్కును పరిశీలించగా, గత శీతకాలమున సదరు యంత్రము ప్రతి పర్యాయము ప్రారంభమైనట్లు గోచరించుచున్నది. ప్రారంభమగుచున్న యంత్రమునకు, ప్రారంభమగుట కొరకై నూనె ఏల? కావున యంత్రము ప్రారంభము కాకపోవుటను తనిఖీ సంఘము ఎదుట, కార్యాలయ పనివేళలలో, నిరూపించవలసినది."

ఇది మా స్టాఫ్ నర్సు సుందరమణికి చదివి వినిపించాను. ఆవిడ చేతిలో ఉన్న దూది కింద పడేసింది.

"అంటే ఏటండీ, ఒక పిల్ల సల్లబడిపోతే గానీ లీటరు ఆయిలివ్వరా?"

"అలా అనలేదు సిస్టరూ. ప్రారంభం కాకపోతే ఇస్తామన్నారు."

"రెండూ ఒకటే కదండీ!"

రెండూ ఒకటే. కాకపోతే కాగితం మీద ఒకటే రాశారు.

మళ్లీ చలికాలం వచ్చింది. ముగ్గురు సభ్యుల సంఘం కూడా వచ్చింది. దానికి పెద్ద, ఉపసంచాలకులు భుజంగరావు గారు. నిండైన మనిషి, మాట్లాడితే ముద్ర వేసినట్టు ఉంటుంది. వాళ్లు జీపు దిగేసరికి మధ్యాహ్నం పన్నెండు. ఎండ పెళ్లున కాస్తోంది, జనరేటరు మీద బల్లి వెచ్చగా పడుకుని ఉంది. గాసి బల్లిని తోలి, రెండు వేళ్లతో తాడు లాగాడు. ఇంజిను పాట అందుకుంది.

"యంత్రం సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నది" అన్నారు భుజంగరావు గారు.

"సార్, ఇది తెల్లవారుజామున చూడాలి. అప్పుడైతే చలి..."

"నాయుడుగారూ, తెల్లవారుజాము అనునది కార్యాలయ పనివేళలలో లేదు. చలి నిజంగా ఉన్నట్లయితే పనివేళలలో కూడా ఉండాలి. పదిన్నర దాటగానే కనబడకుండా పోయే చలిని ప్రభుత్వం ఏ విధంగా గుర్తించగలదు? అసలు ఇక్కడ చలి ఉన్నట్లు మీ వద్ద ధ్రువపత్రం ఉన్నదా?"

లేదు. మర్నాడే రెవెన్యూ ఆఫీసుకి పరుగెత్తాను. అక్కడి గుమస్తా చాలా పద్ధతి గల మనిషి. చలి ఈ మండలంలో ఎన్నేళ్ల నుంచి నివాసం ఉంటోందో రాయమన్నాడు. చలిని స్వయంగా ఎరిగిన ఇద్దరు పెద్దమనుషుల చేత సంతకాలు పెట్టించమన్నాడు. వాళ్లు దుప్పట్లు కప్పుకుని వచ్చి వణుక్కుంటూ సంతకాలు పెడితే, సంతకాలు నమూనాతో కలవడం లేదని మధ్యాహ్నం ఎండలో మళ్లీ పెట్టించాడు. మొత్తానికి చలి ధ్రువపత్రం చేతికొచ్చింది. ఆరు నెలలు చెల్లుతుందని కింద రాసి ఉంది. ఆ ప్రకారం ఆ ఏడు జూన్ దాకా జామిపుట్టులో చలికాలమే. మే నెలలో వడదెబ్బతో వచ్చిన ముసలాయనకి ఏ జబ్బు పేరు రాయాలో తెలియక మా డాక్టరుగారు తలపట్టుకున్నారు.

సంఘం రెండోసారి వచ్చే రోజున నేనొక ఎత్తు వేశాను. చలి పదిన్నర దాకా నిలవకపోతే, నిలవబెట్టాలి. ముందురోజే ఉత్తరం గోడ నీడలో గొయ్యి తీయించి జనరేటరుని అందులో దించాను. చుట్టూ ఊక పోశాను, పైన తడిగోనెలు కప్పాను. ఐసు అమ్మేవాళ్లు గడ్డని అలాగే కాపాడుకుంటారు. గాసి చూసి నొచ్చుకున్నాడు.

"జొరమొచ్చిన మనిసికి తడిగుడ్డేసినట్టు ఏటి బాబూ ఇది? సూస్తే కడుపు తరుక్కుపోతంది."

టీకా మందుల ఫ్రిజ్జులో ఐసు ప్యాకెట్లుంటాయని గుర్తొచ్చి నాలుగు అడగడానికి వెళ్లాను. సుందరమణి సిస్టరు నా మాట పూర్తిగా వినలేదు. చేతిలో ఏదో మెరిసే పరికరం పట్టుకుని గుమ్మం దాకా తరిమింది. అదేమిటో చూడ్డానికి నేను ఆగలేదు.

సంఘం దారిలో టీ తాగి, జలపాతం చూసి, పదకొండు ముప్పావుకి వచ్చింది. గోనెలు తీశాం. గాసి లాగాడు. లేవలేదు! నా గుండె ఆనందంతో ఆగింది. మళ్లీ లాగాడు. లేవలేదు! మూడోసారికి పాపిష్టిది లేచి కూర్చుంది.

"మూడవ లాగుడు" అని రాసుకున్నారు భుజంగరావు గారు. "స్వల్ప బద్ధకం కనబడుతున్నది. అయితే బద్ధకం యంత్రమునదా, లాగిన వ్యక్తిదా?"

ఆ సందేహం తీరడానికి గాసి జబ్బ కొలిచారు. కొలిచిన సభ్యుడు అలా వంగి వంగి ఇంజిను కింద బోల్టు చూశాడు. రోజూ విప్పి బిగించడం వల్ల అది అద్దంలా మెరుస్తోంది.

"ఈ బోల్టు ఇంత తళతళలాడుతోందేం?"

గాసి దాచుకునే రకం కాదు. డబ్బా, పొయ్యి, పిల్లి, అంతా సంతోషంగా చెప్పేశాడు. భుజంగరావు గారి ముఖం ఎర్రబడింది.

"ప్రభుత్వ చమురు ప్రతి రాత్రి ఒక ప్రైవేటు గృహంలో బస చేయుచున్నదా! ఏ ఉత్తర్వుల మీద?"

"ఉత్తరువులేటీ లేవు బాబూ. పొయ్యుంది" అన్నాడు గాసి.

ఇక చూడండి. నిజం బయటపడింది కదా, ఇప్పుడైనా ఆయిలు ఇస్తారనుకున్నాను నేను. అంటే నాకింకా బుద్ధి రాలేదన్నమాట. ఆయన జీపులో కూర్చుని అక్కడికక్కడే వరసగా ఉత్తర్వులు రాయించారు. ఆ రాత్రి చమురు యంత్రంలోనే నిద్రించాలి. ఎవరూ దాన్ని తీయకుండా బోల్టుకీ, పైమూతకీ లక్కముద్ర వేయాలి. మర్నాడు ఒక్క రోజుకి తెల్లవారుజాము అయిదు గంటలను కార్యాలయ పనివేళగా ప్రకటించడమైనది. రెండేసి నిమిషాల వ్యవధిలో ఇరవై అయిదు ప్రయత్నాలు చేయాలి. ఇరవై అయిదూ విఫలమైతే సింథటిక్ చమురు మంజూరు.

నాకు ఆనందంతో కళ్లు తిరిగాయి. సిస్టరు మాత్రం గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఈ రాత్రి కాన్పొస్తే సార్? పొద్దున్న కరెంటు పోతే?"

"కాన్పులకు రావలసినవారు ముందస్తు సమాచారం ఇవ్వవలసిందిగా ప్రజలకు తెలియజేయండి" అన్నారాయన.

"ఒక్క రాత్రే కదా సిస్టరూ" అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ తలుచుకుంటే నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

తెల్లవారుజామున నాలుగున్నరకి పాంగి మంగ్లిని డోలీలో మోసుకొచ్చారు. తొలికాన్పు, ఇంకా నెల పైన ఉండగానే నొప్పులు. అయిదుకి కరెంటు పోయింది. అయిదూ పదికి సంఘం వచ్చింది. కోట్లు, మఫ్లర్లు, చేతులకి తొడుగులు. భుజంగరావు గారి నెత్తిన మెరూన్ రంగు మంకీ క్యాపు. అందులోంచి ముక్కు ఒక్కటే పనివేళలు పాటిస్తూ బయటికొచ్చింది.

మేం లక్కముద్రలు సరిచూస్తుండగానే లోపలి నుంచి సిస్టరు అరిచింది. "పిల్ల పుట్టింది! జనరేటరెయ్యండి!"

గాసి తాడు లాగాడు. తాడు బెల్లం పాకంలో ఇరుక్కున్నట్టు జానెడు వచ్చి ఆగిపోయింది.

"ఒకటి" అన్నారు భుజంగరావు గారు.

గాసి మళ్లీ తాడు పట్టుకున్నాడు.

"ఆగు. రెండవ ప్రయత్నానికి ఇంకా ఒక నిమిషం నలభై సెకన్లు ఉన్నది."

నిజం చెప్పాలి కదా. రెండు, మూడు, నాలుగు విఫలమయ్యేదాకా నాకు లోలోపల పండగే. రెండేళ్ల ఫైలు పండుతోంది. ఇంకా ఇరవై ఒకటి. అప్పుడు తలుపు తెరుచుకుంది. సిస్టరు టార్చిలైటు పట్టుకుని బయటికొచ్చి మా అందరి తలకాయలూ వరసగా చూసింది. నేరుగా వచ్చి భుజంగరావు గారి మంకీ క్యాపు లాగేసింది.

"అది... అది నా సొంతది!" అన్నారాయన.

"ఒక్క చేతిలో పట్టేంత పిల్ల సార్. తల్లి గుండెల మీదేసినాను. తల్లే వణికిపోతంది" అంది సిస్టరు. తర్వాత నా వైపు తిరిగింది. "ఒక్క రాత్రే కదండీ!" అంది. తిట్టినా బాగుండేది. తలుపు వేసుకుంది.

లోపల్నుంచి పిల్ల ఏడుపు రావాలి. సన్నగా కీచుమని ఒకసారి వచ్చింది, ఆగిపోయింది. నాకు అరికాళ్ల నుంచి చలి ఎక్కింది. ఆ చలికి ఏ ధ్రువపత్రమూ అక్కర్లేదు.

గాసి నా పక్కకొచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "బాబూ, పొయ్యికాడ ఇంకో డబ్బా ఉన్నాది. కిందటి నెల తీసిన పాత నూనె. రాత్రి అక్కడ డబ్బా లేకపోతే నాకు నిద్దరట్టలేదు. అందుకని ఎట్టీసినాను."

నేను లక్కముద్రల వైపు చూశాను. పదకొండేళ్ల సర్వీసులో అనుమతి లేకుండా కాగితానికున్న గుండుసూది కూడా పీకినవాణ్ణి కాదు. పక్కన పడున్న రాయి తీసుకుని ఠప్పుమని కొట్టాను. లక్క ముక్కలై ఎగిరింది.

"నాయుడుగారూ! అది ప్రభుత్వ ముద్ర!"

"తెలుసు సార్. నేను కాగితం పెట్టబట్టే వచ్చింది" అన్నాను.

బోల్టు విప్పాను. చల్లటి ఆయిలు ఆముదంలా సాగుతూ దిగింది. ఈలోగా గాసి కంచె దూకి వెళ్లి, డబ్బాని దుప్పట్లో పొట్టకి హత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. పోశాం. లాగాడు. ఇంజిను దగ్గింది. మళ్లీ లాగాడు. మళ్లీ దగ్గింది. మూడో లాగుకి అంటుకుంది! కాన్పుల గది కిటికీ వెలిగింది. వార్మరు వేసుంటారు, కాసేపటికి పిల్ల ఏడుపు మొదలైంది. చిన్న ఏడుపు కాదు, సంఘం మొత్తాన్ని పేరుపేరునా తిట్టినట్టు ఏడ్చింది. నాకు కళ్లు మండాయి. పొగ అని చెప్పాను.

భుజంగరావు గారు వాచీ చూసుకుని రాసుకున్నారు. "ఏడవ ప్రయత్నం."

రాసుకుంటూ ఉండగానే ఆయనకి దంతాలు టకటకలాడాయి, పెన్ను జారిపోయింది. బోడితల, మూడు డిగ్రీల చలి. గాసి ఆయన్ని చెయ్యి పట్టి నడిపించుకుపోయి పొయ్యి పక్కన, పిల్లి చోట్లో కూర్చోబెట్టాడు. గంటసేపు ఆయన అక్కడి నుంచి లేవలేదు. గాసి రాగిపిండితో కాచి పోసిన వేడివేడి చోడి అంబలి రెండు గిన్నెలు తాగారు. లేచేటప్పుడు ఆయన కళ్లలో ఏదో వెలుగు కనబడింది. నాకప్పుడే భయం వేసింది.

పదిహేను రోజులకి నివేదిక వచ్చింది. "యంత్రము ఇరవై అయిదింటికి గాను ఏడవ ప్రయత్నమునందే ప్రారంభమైనందున సింథటిక్ చమురు ఆవశ్యకత నిరూపితము కాలేదు." ముద్ర పగలగొట్టినందుకు నాకు మెమో. దాని కిందే ఇంకో ఉత్తర్వు. "అయితే స్థానిక పొయ్యి ద్వారా చమురునకు వెచ్చదనము కలిగించు విధానము మిక్కిలి వినూత్నమైనది, స్వదేశీయమైనది, ఆదర్శప్రాయమైనది. కావున కిల్లో గాసి పొయ్యిని చమురు ఉష్ణీకరణ కేంద్రముగా ప్రకటించడమైనది. పనివేళలు ఉదయము పదిన్నర నుండి సాయంత్రము అయిదు వరకు. ఆదివారము సెలవు."

గాసి ఇంటికి బోర్డు కొట్టేశారు. అతను ఆ పనివేళలు నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

"మరి రాత్రి పొయ్యి నాదే కదా బాబూ?"

"రాత్రి నీదే. చలి కూడా నీదే" అన్నాను.

ఆ శనివారం నేను టౌనుకి వెళ్లాను. సబ్బు కొన్నట్టు ఒక లీటరు సింథటిక్ ఆయిలు కొన్నాను. ఎవరూ ధ్రువపత్రం అడగలేదు. తెచ్చి పోసేశాను. తెల్లవారుజామున గడ్డి తెల్లగా మెరుస్తోంది, గాసి తాడు ఒక్కసారి లాగాడు. ఇంజిను లేచింది. అతను తాడు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇది పడుకోదా బాబూ?"

"పడుకోదు. నువ్వు పడుకో ఇకనుంచి."

అతనికి సంతోషమే. కానీ పొయ్యి పక్కన చోటు బోసిగా ఉందని రెండు రోజులు దిగాలుపడ్డాడు. మూడో రోజున అంబలి కుండ అక్కడ పెట్టుకున్నాడు. మంగ్లికి బాలింత బలానికని రోజూ కాచి పోస్తున్నాడు.

మా జనరేటరు ఒక్క లాగుకే లేస్తోందని లాగ్ బుక్కులో నేను నిజాయితీగా రాశాను. దాంతో ఉష్ణీకరణ కేంద్రం ఘనవిజయం అని పైన తేల్చేశారు. ఇక పొయ్యి చూడ్డానికి జనం బయల్దేరారు. సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి కూడా అధికారులు బస్సులేసుకుని వచ్చి, పొయ్యితో ఫొటోలు దిగి వెళ్లారు. ఒకనాడు భుజంగరావు గారు తన పై అధికారిణిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడ పొయ్యి ముందు వంగి కుండలోకి చూసింది. అంబలి బుడబుడ ఉడుకుతోంది.

"చమురు మంచి చిక్కగా ఉన్నదే!" అంది.

"స్థానిక విధానం మేడమ్" అన్నారు భుజంగరావు గారు.

"ఏ ఉష్ణోగ్రత?"

గాసి గరిటె అంచున అంటినది వేలితో తీసి నాకాడు. "సరిపోనాది అమ్మా" అన్నాడు.

"రుచి చూసి చెప్పేస్తున్నాడే!" ఆవిడ ఆశ్చర్యపోయింది.

"అనుభవం మేడమ్."

నేను నోరు తెరవబోయాను. అదే వేళకి మంగ్లి గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. చంకలో పిల్ల బొద్దుగా ఉంది. నెత్తిన మెరూన్ రంగు మంకీ క్యాపు, ముక్కు ఒక్కటే కనబడుతోంది. భుజంగరావు గారు ఆ టోపీ వైపు చూశారు. చెయ్యి దానంతటదే నెత్తి మీదికి వెళ్లి, తడుముకుని, కిందికి వచ్చేసింది. ఆయన టోపీ సంగతి అడగలేదు. నేనూ అంబలి సంగతి ఎత్తలేదు.

ఆవిడ నమూనా కావాలంది. గాసి ఒక సీసా నిండా అంబలి పోసి, మూత బిగించి ఇచ్చాడు. లక్కముద్ర వేసి ప్రయోగశాలకి పంపారు. నెల తిరిగేసరికి నివేదిక వచ్చింది. దాన్ని సిస్టరుకీ గాసికీ వరండాలో నిలబడి చదివి వినిపించాను.

"నమూనా చమురు ఉత్తమ శ్రేణికి చెందినది. చిక్కదనము సంతృప్తికరము. చల్లారినచో గడ్డకట్టు స్వభావము కలదు గనుక పొయ్యి పక్కన ఉంచవలెను. చిన్న ఇంజిన్లకు మిక్కిలి శ్రేష్ఠము. సింథటిక్ చమురు అనవసరము. రాష్ట్రమంతటా ఇదియే వాడవలెను."

సిస్టరు పమిట నోట్లో కుక్కుకుని నవ్వి నవ్వి బల్ల మీద కూలబడింది. గాసి మాత్రం శ్రద్ధగా విన్నాడు. కొంచెం నొచ్చుకున్నట్టు అడిగాడు.

"ఉప్పు సరిపోనాదో లేదో ఏటీ రాయలేదా బాబూ?"